అప్పగింతలు

తెలుగులో అప్పగింత అన్న మాట రెండు చోట్ల గట్టిగా వినిపిస్తుంది. మొదటిది పెళ్ళిలో. తలంబ్రాలూ భోజనాలూ అయ్యాక, సన్నాయి కాస్త నెమ్మదించాక, అమ్మాయి చేతుల్ని పాలలో ముంచి అత్తమామల చేతుల్లో పెడతారు. "ఇన్నాళ్ళూ మా బిడ్డ, ఇక మీ బిడ్డ. ఏదైనా తెలీక చేస్తే కడుపులో పెట్టుకోండి" అంటారు. అవతలివాళ్ళు తలూపుతారు. రెండోది పేపర్లో. "మాల్యా అప్పగింతకు లండన్ కోర్టు ఓకే", "నీరవ్ అప్పగింతపై అప్పీలు కొట్టివేత". ఒక దేశం తన గడ్డ మీదున్న మనిషిని ఇంకో దేశం చేతిలో పెట్టడం.

ఇంగ్లీషులో ఈ రెండింటికీ ఏ చుట్టరికమూ లేదు. తెలుగులో ఒకే మాట కావడం వల్ల నాకు ఒక సంగతి త్వరగా అర్థమైంది. రెండు చోట్లా అసలు ప్రశ్న ఒకటే: అక్కడ ఎలా చూసుకుంటారు? మాట ఇస్తున్నది ఎవరు? ఆ మాట తప్పితే వెళ్ళి అడిగేదెవరు? పెళ్ళిలో ఈ ప్రశ్న అడిగితే మర్యాద కాదు. అందుకే కన్నీళ్ళతో సరిపెట్టుకుంటాం. కోర్టులో అయితే ఆ మర్యాద తప్పే పనిని ఒక మనిషికి వృత్తిగా అప్పజెప్పారు. ఆ మనిషి పేరు ఎక్స్‌ట్రడిషన్ డిఫెన్స్ లాయర్.

కొన్నేళ్ళుగా వారాంతాల్లో నవలలతో పాటు ఈ తీర్పులు కూడా చదువుతున్నాను. ఇంగ్లండ్ కోర్టుల తీర్పులు చాలావరకు నెట్‌లో ఎవరైనా చదువుకోవచ్చు. మంచి తీర్పుకి మంచి నవలకుండే ఓపిక ఉంటుంది. ఇష్టం లేని పాత్ర మాట కూడా పూర్తిగా విని, ఆ తర్వాతే కాదంటుంది. ఈ చదువు మొదలైంది మాత్రం మా నాయన వేసిన ఒక ప్రశ్నతో. 2018 డిసెంబర్‌లో మాల్యా కేసు తీర్పు వచ్చిన రోజు టీవీలో ఆయన తరఫు లాయర్ క్లేర్ మాంట్‌గొమరీని చూపిస్తుంటే అడిగాడు.

"ఏంరా, వాడు దొంగని ఆయమ్మకి తెలీదా? తెలిసీ ఎట్లా మాట్లాడతాది?"

మా నాయన ముప్ఫై ఏళ్ళు బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషి. వేల రూపాయల పంట రుణానికి రైతు చేత ఎన్ని సంతకాలు పెట్టించుకోవాలో తెలిసినవాడు. తొమ్మిది వేల కోట్లు ఎగ్గొట్టాడని అభియోగం ఉన్న మనిషి మీద ఆయన కోపాన్ని వాదించి చల్లార్చడం నా వల్ల కాదు. ఆ ప్రశ్నకి జవాబు వెతకడానికి మాత్రం చాలా రోజులు పట్టింది.

మొదట తెలిసింది ఏంటంటే, దొంగా కాదా అన్నది ఆ కోర్టు తేల్చదు. లండన్‌లో మేరిల్‌బోన్ రోడ్డు మీద వెస్ట్‌మిన్‌స్టర్ మేజిస్ట్రేట్స్ కోర్టు ఉంది. ఇంగ్లండ్, వేల్స్‌లలో అప్పగింత కేసులు మొదట అక్కడికే వస్తాయి. నడిపించేది 2003 నాటి ఎక్స్‌ట్రడిషన్ చట్టం. ఇండియాతో ఒప్పందం మీద సంతకాలైంది 1992లో. జడ్జి ముందు ప్రశ్నలు ఒక వరసలో ఉంటాయి. అడిగిన మనిషి ఈయనేనా? ఆయన చేశాడంటున్న పని ఇక్కడ చేసినా నేరమేనా? విచారణ దాకా వెళ్ళదగ్గ ఆధారాలు పైపైన చూస్తే కనిపిస్తున్నాయా? మరీ పాతబడిన కేసా? రాజకీయ కక్షతో అడుగుతున్నారా? ఒకసారి తేలిపోయిన నేరానికే మళ్ళీ అడుగుతున్నారా? పంపితే ఆయన మానవ హక్కులకు ముప్పుందా? ఆయన శరీరమూ మనసూ ఆ ప్రయాణాన్ని తట్టుకునే స్థితిలో ఉన్నాయా? వీటన్నిటినీ దాటితే ఫైలు హోమ్ సెక్రటరీ బల్ల మీదకి వెళ్తుంది. ఆ తర్వాత హైకోర్టు అప్పీళ్ళు.

ఈ ప్రశ్నల్లో సగం మనిషి గురించి, సగం ఆయన వెళ్ళబోయే చోటు గురించి. మామూలు క్రిమినల్ లాయర్ తన క్లయింట్ ఆ రాత్రి ఎక్కడున్నాడో చెప్పాలి. అప్పగింత లాయర్ తన క్లయింట్ రేపు రాత్రి ఎక్కడ పడుకుంటాడో చెప్పాలి. గది పొడవెంత, వెడల్పెంత, ఎంతమంది ఉంటారు, మరుగుదొడ్డి ఎక్కడ, డాక్టర్ ఎంత దూరం. కాబట్టి బోనులో నిలబడేది మనిషే అయినా, క్రాస్ ఎగ్జామినేషన్ జరిగేది చాలాసార్లు అడిగిన దేశానికి.

ఇది ఎక్కడ మొదలైందని వెనక్కి వెళ్తే, ఒక జర్మన్ కుర్రాడి దగ్గర ఆగాల్సొస్తుంది. యెన్స్ సోరింగ్. 1985లో అమెరికాలోని వర్జీనియాలో తన గర్ల్‌ఫ్రెండ్ తల్లిదండ్రుల్ని హత్య చేశాడన్నది ఆరోపణ. మరుసటి ఏడాది ఇంగ్లండ్‌లో దొరికాడు. వర్జీనియా అప్పట్లో మరణశిక్ష ఉన్న రాష్ట్రం. అప్పటికి ఐరోపా మానవ హక్కుల ఒప్పందం మరణశిక్షను పూర్తిగా నిషేధించలేదు. అందుకని ఆయన లాయర్లు ఉరిశిక్ష తప్పని వాదించి ఊరుకోలేదు. శిక్ష పడ్డాక అమలయ్యేలోపు ఏళ్ళ తరబడి రోజూ చావు కోసం ఎదురుచూస్తూ డెత్ రోలో బతకడం ఉంది చూశారా, అది అమానుషం అన్నారు. 1989 జూలైలో స్ట్రాస్‌బర్గ్ కోర్టు ఒప్పుకుంది. తన జైల్లో ఎవర్నీ హింసించకపోతే చాలదు, హింస జరిగే చోటుకి తెలిసీ పంపడం కూడా పంపిన దేశం బాధ్యతే అని చెప్పింది.

సోరింగ్ నిర్దోషిగా బయటికి రాలేదు. మరణశిక్ష పడే అభియోగం మీద విచారించబోమని అమెరికా మాట ఇచ్చింది. 1990 జనవరిలో ఆయన్ని పంపేశారు. అదే ఏడాది దోషిగా తేలి రెండు జీవిత ఖైదులు పడ్డాయి. 2019లో పెరోల్ మీద విడుదలై జర్మనీ చేరాడు. లాయర్లు గెలిచింది స్వేచ్ఛను కాదు, శిక్ష మీద ఒక హద్దుని మాత్రమే. అప్పటినుంచీ ఈ వృత్తిలో గెలుపంటే చాలావరకు అదే. మనిషి వెళ్తాడు, ఒక మాట తోడు తీసుకుని వెళ్తాడు.

మా లాంటి కంప్యూటర్ వాళ్ళకి ఈ చట్టం పరిచయమైంది గ్యారీ మెకినన్ వల్ల. 2001, 2002 సంవత్సరాల్లో లండన్‌లో తన గదిలో కూర్చుని అమెరికా సైన్యానికీ నాసాకీ చెందిన 97 కంప్యూటర్లలోకి దూరాడని కేసు. ఎగిరే పళ్ళేల గురించి ప్రభుత్వం దాచిపెట్టిన రహస్యాల కోసం వెతికానని ఆయన చెప్పుకున్నాడు. పదేళ్ళు నలిగింది. మధ్యలో ఆయనకి ఆస్పెర్జర్స్ ఉందని డాక్టర్లు తేల్చారు. పంపితే ప్రాణం తీసుకునే ప్రమాదం ఉందన్నారు. 2012 అక్టోబర్ 16న హోమ్ సెక్రటరీ థెరిసా మే అప్పగింత ఆపేశారు. ఆ గొడవ ఫలితంగానే 2013లో చట్టంలో కొత్త నిబంధన ఒకటి చేరింది: నేరం ఎక్కువ భాగం ఇక్కడే జరిగితే, విచారణ ఇక్కడే జరగడం న్యాయమా అని కూడా జడ్జి చూడాలి. దాన్ని ఫోరమ్ బార్ అంటారు. 2018 ఫిబ్రవరిలో లారీ లవ్ అనే ఇంకో కుర్రాడి కేసులో హైకోర్టు ఆ నిబంధనను వాడి అమెరికాకి పంపడానికి ఒప్పుకోలేదు.

ఈ రెండు కేసుల్లోనూ సొలిసిటర్ కరెన్ టాడ్నర్. ఎడ్వర్డ్ ఫిట్జ్‌జెరాల్డ్ అనే బారిస్టర్ ఇద్దరి తరఫునా వాదించారు. మెకినన్ కేసు చదివే ఏ ప్రోగ్రామర్‌కైనా ఈ లాయర్లు హీరోల్లా కనిపిస్తారు. వాళ్ళు ఆ నిబంధన కోసం, ఆ మెడికల్ రిపోర్టు కోసం పడ్డ కష్టం చూస్తే చప్పట్లు కొట్టాలనిపిస్తుంది. అదే ఫిట్జ్‌జెరాల్డ్ హైకోర్టులో నీరవ్ మోదీ తరఫున నిలబడి, ఇండియాకి పంపితే ఆత్మహత్య చేసుకునే ప్రమాదం ఉందని వాదించారని చదివినప్పుడు చప్పట్లు ఆగిపోతాయి. వాదన అదే. డాక్టర్లు చెప్పేదీ ఆ తరహాలోనే. మారింది మనిషి, మనిషి కన్నా ఎక్కువగా అడిగిన దేశం. మొదటి కేసులో అడిగింది అమెరికా. రెండోదాంట్లో అడిగింది మనం.

ఇంకాస్త వెనక్కి వెళ్తే ఈ లెక్క ఇంకా తికమకవుతుంది. మాల్యా లాయర్ మాంట్‌గొమరీ ఇరవై ఏళ్ళ కిందట చిలీ నియంత పినోషే తరఫున వాదించినామె. 1998లో లండన్‌లో ఆయన్ని అరెస్టు చేస్తే స్పెయిన్ తనకి అప్పగించమంది. చివరికి 2000 మార్చిలో, ఆరోగ్యం బాగాలేదన్న కారణంతో ఆయన్ని ఇంటికి పంపేశారు. తర్వాత మెకినన్‌ని కాపాడింది కూడా అనారోగ్యమే. ఒకే తలుపులోంచి ఇద్దరూ బయటికి నడిచారు. ఇక మాల్యా కేసులో ఇండియా ప్రభుత్వం తరఫున వాదించిన మార్క్ సమర్స్, తర్వాత జూలియన్ అసాంజ్ తరఫున అమెరికాకి ఎదురు నిలబడ్డారు. నిన్న "పంపండి" అన్న గొంతు ఇవాళ "పంపొద్దు" అంటోంది.

అక్కడి బారిస్టర్లకి క్యాబ్ ర్యాంక్ రూల్ అని ఒకటుంది. ట్యాక్సీ స్టాండులో వరసలో ముందున్న బండి, వచ్చిన ప్రయాణికుడు ఎవరైనా సరే ఎక్కించుకోవాలి. అలాగే తనకి చేతనైన రంగంలో కేసు వస్తే, ఖాళీ ఉంటే, తగిన ఫీజు ఇస్తే, క్లయింట్ నచ్చలేదని బారిస్టర్ కాదనకూడదు. మన ఆటోవాళ్ళలా "అటు రాను సార్" అనడం కుదరదు. ఈ నియమం ఎంత నిజంగా అమలవుతుందన్నది వేరే చర్చ. కానీ దాని వెనకున్న ఆలోచన నాకు నచ్చుతుంది. లాయర్‌ని క్లయింట్‌తో కలిపి చూడకుండా ఉంటేనే, ఎవరూ ఇష్టపడని మనిషికి కూడా లాయర్ దొరుకుతాడు.

మా ఆఫీసుల్లో టెస్టర్‌ని ఎవరూ ప్రేమించరు. అంతా అయిపోయింది, రిలీజ్ చేద్దాం అనుకుంటున్నప్పుడు వచ్చి, యూజర్ ఇక్కడ ఖాళీగా వదిలేస్తే ఏమవుతుందని అడుగుతాడు. ఆ ప్రశ్నతో రిలీజ్ ఆగుతుంది. కానీ ఆ ప్రశ్న పుట్టించింది టెస్టర్ కాదు, మన కోడ్. అప్పగింత లాయర్ పనిలో నాకు ఆ పోలిక బలంగా కనిపిస్తుంది. అది ఎంత బలంగా కనిపించిందో చెప్పాలంటే మాల్యా కేసులోని కిటికీ గురించి చెప్పాలి.

మాల్యాని పంపితే ముంబై ఆర్థర్ రోడ్ జైల్లో పన్నెండో బ్యారక్‌లో ఉంచుతామని ఇండియా చెప్పింది. ఫోటోలు పంపింది. గదిలోకి సహజమైన వెలుతురు, గాలి వస్తాయా అని డిఫెన్స్ సందేహం లేవదీసింది. జైళ్ళ పరిస్థితులు పరీక్షించడంలో అనుభవమున్న డాక్టర్ అలన్ మిచెల్‌ని సాక్షిగా తెచ్చింది. 2018 జూలైలో జడ్జి ఎమ్మా ఆర్బత్నాట్ ఒక వీడియో అడిగారు. తలుపు తీసి నడుచుకుంటూ లోపలికి వెళ్ళాలి, పట్టపగలు తీయాలి, కిటికీలు కనపడాలి, కృత్రిమ దీపాల వెలుగు కాకుండా సహజమైన వెలుతురు ఎంతుందో తెలియాలి. వీడియో తీసి పంపారు. లండన్‌లో ఒక మేజిస్ట్రేట్ కూర్చుని ముంబై జైలు గదిలో ఎండ ఎంతవరకు పడుతుందో చూశారు. డిసెంబర్ 10న మాల్యాని పంపొచ్చని తీర్పు చెప్పారు. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు అప్పీలు కొట్టేసింది. మాల్యా ఇంకా రాలేదన్నది వేరే కథ.

అప్పట్లో టీవీలో ఈ వీడియో వార్త వచ్చినప్పుడు జోకులు పేలాయి. జైలంటే ఫైవ్ స్టార్ హోటలా, ఏసీ కూడా కావాలా, మినీ బార్ వద్దా అని. మా నాయన నవ్వలేదు. కాసేపు ఊరుకుని, "మీ పెద్దనాయనని అడిగినారా, కిటికీ ఉండాదా అని" అన్నాడు.

పెద్దనాయన గురించి ఇంట్లో ఎక్కువ మాట్లాడరు. సీమలో ముప్ఫై నలభై ఏళ్ళ కిందట ఊళ్ళో ఒక హత్య జరిగితే, చంపినవాళ్ళ పేర్లతో పాటు అవతలి వర్గంలో కాస్త చదువుకున్నవాళ్ళు, కోర్టుల చుట్టూ తిరగగలిగినవాళ్ళ పేర్లు కూడా కేసులో రాయించడం ఉండేది. అలా రాసిన పేర్లలో ఆయనదొకటి. ఎనిమిది నెలలు రిమాండ్‌లో ఉన్నాడు. ఆ తర్వాత ఎన్నేళ్ళకో కేసు కొట్టేశారు. నాకు గుర్తున్న పెద్దనాయన ఎండాకాలమైనా చలికాలమైనా ఆరుబయటే మంచం వేసుకుని పడుకునేవాడు. వానొస్తే వసారాలోకి జరిగేవాడు తప్ప గదిలోకి వచ్చేవాడు కాదు. చిన్నప్పుడు మేం దాన్ని ఆయన అలవాటనుకున్నాం. చల్లగాలికి అనుకున్నాం. ఆ ఎనిమిది నెలల్లో ఎంతమందితో ఎంత గదిలో ఉన్నాడో మా నాయనకి కూడా చెప్పలేదట.

నాయన ప్రశ్న మాల్యా మీద ఎగతాళి అని మొదట అనుకున్నాను. రెండు మూడు రోజులు ఆలోచిస్తే అది ఎగతాళిలా లేదు. కిటికీ గురించి అడగడం తప్పని ఆయన అనలేదు. మావాడి విషయంలో ఎందుకు అడగలేదని అన్నాడు. ఈ రెండింటికీ చాలా దూరం ఉంది.

జాతీయ నేర గణాంకాల సంస్థ 2022 లెక్క ప్రకారం మన జైళ్ళలో 5,73,220 మంది ఉన్నారు. అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలు. అంటే ప్రతి నలుగురిలో ముగ్గురు, ఇంకా ఏ కోర్టూ దోషులని చెప్పని పెద్దనాయనలు. వంద మంది పట్టే చోట సగటున 131 మంది ఉన్నారు. మన కోర్టులు కూడా జైళ్ళ గురించి మంచి తీర్పులు ఇచ్చాయి, కాదనను. కానీ రోజూ రిమాండ్ పొడిగించే మేజిస్ట్రేట్ ముందు, ఈ మనిషి వెళ్ళే గదిలో ఎంతమంది ఉన్నారో తెలుసుకున్నాకే పంపండి అని నిలదీసే లాయర్ ఎవరికుంటాడు? అప్పగింత కేసులో మాత్రం అదే మొదటి రోజు ప్రశ్న.

మన జైళ్ళ గురించి విదేశీ కోర్టులు చెప్పినవి ఒక్కచోట పెట్టుకుంటే చదవడం సుఖంగా ఉండదు. క్రికెట్ ఫిక్సింగ్ కేసులో సంజీవ్ చావ్లాని తీహార్‌కి పంపడానికి 2017లో వెస్ట్‌మిన్‌స్టర్ జడ్జి ఒప్పుకోలేదు. ఇండియా ఇంకా గట్టి హామీలిచ్చాక హైకోర్టు ఒప్పుకుంది. 2020 ఫిబ్రవరిలో ఆయన్ని ఢిల్లీ తెచ్చారు. 1995లో పురూలియాలో విమానం నుంచి ఆయుధాలు జారవిడిచిన కేసులో కిమ్ డేవీని ఇవ్వమని అడిగితే, హింస జరిగే ప్రమాదం ఉందని 2011లో డెన్మార్క్ హైకోర్టు కాదంది. 2024లో అక్కడి ఇంకో కోర్టు మళ్ళీ కాదంది. 2025 ఫిబ్రవరి 28న లండన్ హైకోర్టు ఆయుధాల వ్యాపారి సంజయ్ భండారీ అప్పీలుని ఒప్పుకుంది. తీహార్‌లో తోటి ఖైదీల నుంచో సిబ్బంది నుంచో బెదిరింపులు, డబ్బు గుంజడం, దెబ్బలు జరిగే ప్రమాదం నిజంగా ఉందన్నది ఒక కారణం.

వీటిని వలస పాలకుల అహంకారం అని కొట్టేయడం తేలిక. ఆ అహంకారం అసలు లేదని నేననను. కానీ మన లా కమిషనే 2017లో తన 273వ నివేదికలో ఈ ఇబ్బంది గురించి రాసింది. హింసకి వ్యతిరేకంగా ఐక్యరాజ్యసమితి చేసిన ఒప్పందం మీద ఇండియా 1997లో సంతకం పెట్టింది. ఇప్పటికీ ధ్రువీకరించలేదు. ప్రత్యేక చట్టమూ లేదు. విదేశాల్లో డిఫెన్స్ లాయర్ చేతికి ఇంతకన్నా సులువైన ఆయుధం ఏముంటుంది? ఆయుధం అందించింది మనమే.

డిఫెన్స్ ప్రతిసారీ గెలవదన్నది కూడా చెప్పాలి. నీరవ్ మోదీ తరఫున సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి మార్కండేయ కట్జూ వీడియో ద్వారా సాక్ష్యమిచ్చారు. ఇండియాలో ఆయనకి న్యాయమైన విచారణ దొరకదన్నారు. 2021 ఫిబ్రవరి తీర్పులో జడ్జి శామ్ గూజీ ఆ సాక్ష్యానికి పెద్ద విలువ ఇవ్వలేదు, నిష్పాక్షికంగా లేదన్నారు. 2022 నవంబర్‌లో హైకోర్టు కూడా ఆత్మహత్య వాదనని తోసిపుచ్చింది. అంటే ఆ కోర్టు ఇండియా గురించి చెడు చెబితే చాలు నమ్మే కోర్టు కాదు. చెప్పింది నిలబడుతుందా లేదా అని చూస్తుంది.

ఇచ్చిన మాట తర్వాత ఏమవుతుందన్నదానికి మంచి ఉదాహరణ అబూ సలేం. మా సీమ వాళ్ళకి ఈ కథతో కొంచెం చుట్టరికం కూడా ఉంది. సలేం, 'తాజ్‌మహల్' సినిమాలో మనం చూసిన మోనికా బేడీ మారుపేర్లతో పాస్‌పోర్టులు తీసుకున్నది కర్నూలు చిరునామాలతో. ఆ కేసులో 2006లో హైదరాబాద్ సీబీఐ కోర్టు ఆమెకి అయిదేళ్ళ శిక్ష వేసింది. తర్వాత పై కోర్టులు తగ్గించాయి. ఇద్దరూ 2002లో లిస్బన్‌లో దొరికారు. పోర్చుగల్ రాజ్యాంగం మరణశిక్షనీ యావజ్జీవాన్నీ ఒప్పుకోదు. అందుకని 2002 డిసెంబర్‌లో అప్పటి ఉప ప్రధాని అద్వానీ సంతకంతో ఇండియా మాట ఇచ్చింది: మరణశిక్ష వేయం, పాతికేళ్ళకి మించి జైల్లో ఉంచం. 2005 నవంబర్‌లో అప్పగించారు.

ఆ తర్వాత ఇండియాలో మరికొన్ని అభియోగాలు చేర్చారు. ఏ నేరాలకి అప్పగించారో వాటికే విచారించాలన్నది అప్పగింత చట్టంలో పాత సూత్రం. లిస్బన్ కోర్టులకి ఫిర్యాదు వెళ్ళింది. ఒప్పందం ఉల్లంఘించారని అవి తేల్చాయి. ఇక్కడ సీబీఐ కొన్ని అభియోగాలు వెనక్కి తీసుకోవడానికి 2013లో సుప్రీంకోర్టు ఒప్పుకుంది. 2017లో ముంబై పేలుళ్ళ కేసులో ఒకే రోజు తీర్పు వచ్చింది. అదే విచారణలో ఇద్దరికి మరణశిక్ష పడింది. సలేంకి యావజ్జీవం. ఆ యావజ్జీవం పాతికేళ్ళు దాటుతుందా అన్న ప్రశ్న సుప్రీంకోర్టుకి వెళ్తే, దేశం ఇచ్చిన మాటకి ప్రభుత్వం కట్టుబడాలని 2022 జూలైలో కోర్టు చెప్పింది.

257 మంది చనిపోయిన పేలుళ్ళ కేసు అది. ఆ కుటుంబాల్లో ఎవరైనా, ఆ మాట ఎవర్నడిగి ఇచ్చారు అంటే నా దగ్గర జవాబు లేదు. కానీ ఇంకో సంగతి కూడా నిజం. ఆ మాట ఇవ్వకపోతే సలేం ఏ కోర్టు ముందుకీ వచ్చేవాడు కాదు. అప్పగింత లాయర్ నేరస్తుణ్ణి చట్టం నుంచి తప్పిస్తాడన్నది మన సినిమా ఊహ. ఎక్కువసార్లు ఆయన చేసేది, చట్టం తన చేతులకి తానే ఒక కట్టు వేసుకునేలా చేయడం. మాట ఇచ్చిన దేశం ఆ మాట నిలబెట్టుకుంటేనే తర్వాతిసారి అడిగినప్పుడు ఇంకొకర్ని ఇస్తారు. సలేం విషయంలో మాట తప్పితే, నష్టపోయేది రేపు ఇంకెవర్నో వెనక్కి తేవాలనుకునే పోలీసులే.

ఇదంతా డబ్బున్నవాళ్ళ ఆట అనే విమర్శ ఉంది, అందులో నిజముంది. వెస్ట్‌మిన్‌స్టర్ కోర్టుకి రోజూ వచ్చేవాళ్ళలో మాల్యాలు అరుదు. ఎప్పుడో చిన్న దొంగతనం చేసి, సొంత దేశంలో శిక్ష పూర్తి చేయకుండా లండన్ వచ్చి, కూలి పని చేసుకుంటూ పిల్లల్ని స్కూల్లో వేసుకున్న పోలండ్, రొమేనియా వాళ్ళు ఎక్కువ. వాళ్ళకి ఆ పూట డ్యూటీలో ఉన్న లాయర్ దొరుకుతాడు. ప్రొఫెసర్లు, జైలు నిపుణులు, మూడేళ్ళ అప్పీళ్ళు వాళ్ళకి అందవు. అయినా స్ట్రాస్‌బర్గ్‌లో సోరింగ్ కేసు వేసిన దారి వాళ్ళకీ దారే. పేరున్న క్లయింట్ ఖర్చుతో వేసిన రోడ్డు మీద పేరు లేనివాళ్ళు నడుస్తారు. ఆ కోర్టులో కనీసం అలా జరిగే వీలుంది.

మన దగ్గర నాకు కనిపించే లోటు అక్కడే. హామీ అనేది ఒక మనిషికి ఇచ్చేది. మాల్యా కోసం ఇచ్చిన హామీ మాల్యాకే చెల్లుతుంది. చావ్లాకి ఇచ్చింది చావ్లాకే. వీడియోలో కనపడిన కిటికీ ఆ బ్యారక్‌దే. మిగతా బ్యారక్‌ల గురించి ఆ కేసులో ఎవరూ అడగలేదు, అడగాల్సిన అవసరం లాయర్‌కీ లేదు, జడ్జికీ లేదు. మాంట్‌గొమరీ పని తన క్లయింట్ పడుకునే గది వరకే. ఆమె పని ఆమె చేసింది. గోడకి అవతలి వైపున్నవాళ్ళ గురించి అడగాల్సింది లండన్ లాయర్ కాదు.

మా నాయనకి ఇదంతా చెప్పాను, ఫోన్లో, విడతలు విడతలుగా. మాల్యా మీద ఆయన కోపం ఇసుమంతైనా తగ్గలేదు, తగ్గించాలని నేనూ అనుకోలేదు. వాణ్ణి తేవాల్సిందే అంటాడు. నేనూ అదే అంటాను. "తెచ్చినాక ఆ గది ఎట్లుండాదో చూపిచ్చినారు కదా, బానే ఉండాదంటనా?" అని అడిగాడు. జడ్జి బాగుందనే చెప్పారన్నాను.

"అయితే అట్లాంటివి ఇంగ కొన్ని కట్టమను" అన్నాడు.